నా మీద ఎవరూ లేరు

10 సెప్టెంబర్ 2011

నిన్న భూపాలపల్లిలో ఓడిపోయాం. 41–38.

నా రీబౌండ్లు పద్నాలుగు. స్కోరు పుస్తకంలో వాటికి గడి ఉండదు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను. రింగుకు తగిలి తప్పిన బంతిని పద్నాలుగు సార్లు వాళ్ల సెంటర్ అనిత కంటే ముందు నేనే అందుకున్నాను. అనిత నాకన్నా రెండు వేళ్లు పొడుగు. అయినా అందుకున్నాను. సెంటర్ పని అదే. రింగు కింద నిలబడాలి, ఎవరు వేసి తప్పినా ఆ బంతి పట్టాలి, మనవాళ్లకు ఇవ్వాలి. నా పని నేను చేశాను.

తిరుగు బస్సులో అక్షయ వచ్చి నా పక్కన కూర్చుంది. రెండేళ్లుగా ఒకే జట్టులో ఆడుతున్నాం గానీ ఆమె ఎప్పుడూ ముందు సీటే. బచ్చన్నపేటలో వాళ్లకు బోలెడు భూమి ఉంది, వాళ్ల నాన్నను చూస్తే కాలేజీలో ప్రిన్సిపల్ కూడా లేచి నిలబడతాడు. మా జట్టు పాయింట్లలో సగం ఆమెవే. బస్సు పరకాల దాటింది.

"నీ మీద ఎవ్వలు లేరు చాందీ, చూసినవా?" అంది ఉన్నట్టుండి.

"ఎప్పుడు?"

"ఆఖరి క్వార్టర్ మొత్తం. నన్ను కాసుకుంట నా మీద ముగ్గురున్నరు. అనిత నిన్ను ఇడిసిపెట్టి నా మీదికొచ్చింది. నువ్వు రింగు కింద ఒక్కదానివే ఉన్నవ్. బంతి చేతుల వట్టుకొని మళ్ల నాకే ఇచ్చినవ్. ఎందుకు ఎయ్యలే?"

"సార్ వద్దన్నడు గదా."

"ఎప్పుడన్నడు?"

"ఫస్టియర్ల."

కిటికీ వైపు తిరిగి కూర్చుంది. జనగామ వచ్చేదాకా మళ్లీ నా మొహం చూడలేదు.

సార్ చెప్పారు. నేను వింటున్నాను. ఇందులో నా తప్పేముంది?

13 సెప్టెంబర్

ఈరోజు నుంచి తెలంగాణ కోసం అందరూ సమ్మె. టీచర్లు, ఆఫీసులు, బొగ్గు గనులు. మా కాలేజీ గేటుకు తాళం పడింది. ఈ నెల 24న మానుకోటలో జరగాల్సిన టోర్నమెంటు వాయిదా. ఎప్పుడో ఎవరికీ తెలియదు. అందులో ఆడినవాళ్లలోంచే యూనివర్సిటీ జట్టుకు పన్నెండుమందిని తీస్తారు. ఆ జట్టులో పేరుంటే స్పోర్ట్స్ కోటాలో బీపీఎడ్ సీటు వస్తుంది. నేను కాలేజీలో ఆటలు నేర్పే పీడీ కావాలి, మా విద్యాసాగర్ సార్ లాగ.

నాకిది ఆఖరి సంవత్సరం.

17 సెప్టెంబర్

హాస్టల్లో ఎనిమిదిమందిమి మిగిలాం. వంటమనిషి రాలేదు. అన్నం మేమే వండుకున్నాం.

21 సెప్టెంబర్

బస్సులు బందయి రెండు రోజులైంది. అయినా సార్ పొద్దున ఆరింటికి మా గ్రౌండుకు వస్తున్నారు. "నేను సమ్మెల ఉన్న. పాఠం చెప్పను, హాజరు తీసుకోను. మీరు ఆడుకోండ్రి, నేను చెట్టు కింద కూసొని చూస్త" అన్నారు. చూస్తూ కూర్చోవడం ఆయన వల్ల అయ్యే పని కాదు. పది నిమిషాల్లో విజిల్ నోట్లోకి వచ్చింది.

అక్షయను రోజూ వాళ్ల అన్న బండి మీద దింపి పోతున్నాడు. ఈరోజు ప్రాక్టీసు మధ్యలో బంతి చంకలో పెట్టుకుని సార్ దగ్గరికి పోయింది.

"సార్, ఒకటడుగుత. సెంటర్ పాయింట్లు ఎయ్యాల్నా, వద్దా?"

సార్ నవ్వారు. "బంతి చాందీ తియ్యకపోతే నువ్వేం ఏస్తవ్?"

"ముగ్గురు నా మీదనే ఉంటే తీసిచ్చిన బంతిని నేనేం చెయ్యాల్నో చెప్పుండ్రి సార్. చాందీ ఎయ్యదని అందరికి ఎరుకే. అందుకే ఆమెను కాసేటోళ్లే లేరు. మేం నలుగురం ఆడుతున్నం, వాళ్లు ఐదుగురు."

ఈ మాటకు సార్ నవ్వలేదు. నా వైపు చూశారు. నేను బూటు లేసు కట్టుకుంటున్నాను. అది ఊడలేదు, అయినా కట్టుకున్నాను.

"చాందీనే చెప్పనియ్యి" అన్నారు.

"సార్ ఎట్ల అంటే అట్ల" అన్నాను.

అక్షయ బంతిని నేలకేసి కొట్టి వెళ్లిపోయింది. ఆమెకు పాయింట్లు తగ్గుతాయని బాధ. నాకు తెలుసు. భూమి ఉన్నవాళ్లకు ఎంతున్నా సరిపోదు.

22 సెప్టెంబర్

నిన్న రాసిన ఆఖరి వాక్యం తప్పు. ఆమె తన పాయింట్లు అడగలేదు, నన్ను వేయమంది.

కానీ కొట్టేయను.

30 సెప్టెంబర్

సమ్మె నడిపే జేఏసీ వాళ్లు రోడ్ల మీద వంటలు చేశారు, కబడ్డీ ఆడారు. ఇప్పుడు సార్‌కు ఒక ఆలోచన వచ్చింది. దసరా పండగ పోయాక హైవే మీద ఆడపిల్లల బాస్కెట్‌బాల్. మేమే రెండు జట్లు.

"రోడ్డు మీద రింగు ఎక్కడిది సార్?" అని విజయ అడిగింది. మా జట్టులో బంతిని ముందుకు తెచ్చేది తనే.

"ట్రాలీ ఎత్తి కడుదాం" అన్నారు సార్.

11 అక్టోబర్

ఈరోజు చాలా జరిగింది. వరసగా రాస్తేనే అర్థమవుతుంది.

పొద్దున తొమ్మిదింటికి హైవే మీద రెండు ట్రాక్టర్లు ఎదురెదురుగా నిలబెట్టి, ట్రాలీలు పైకెత్తి, వెల్డింగు షాపులో చేయించిన ఇనుప రింగులు కట్టారు. సుద్దతో గీతలు గీశారు. లారీలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. డప్పులు, జెండాలు, నినాదాలు. లారీ డ్రైవర్లు కూడా క్యాబిన్ల మీదకెక్కి కూర్చున్నారు. ఇంతమంది ముందు మేమెప్పుడూ ఆడలేదు.

అక్షయ అటు, నేను ఇటు. స్కోరు రాసేవాళ్లు లేరు. ఎవరు వేసినా జనం కేకలు వేస్తున్నారు.

కాసేపయ్యాక రింగు కింద బంతి నా చేతికి వచ్చింది. నా ఎదురుగా అక్షయ. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. చేతులు రెండూ కిందికి దించేసింది.

"ఎయ్యి" అంది.

రింగు నా తల మీదే ఉంది. మధ్యలో ఎవరూ లేరు. చుట్టూ జనం చూస్తున్నారు. "ఎయ్యి బిడ్డా, ఎయ్యి!" అని ఒక పెద్దమనిషి అరిచాడు. లెక్క లేని ఆట అది. తప్పితే పోయేదేమీ లేదు.

నేను బంతి విజయకు ఇచ్చాను.

అక్షయ నా దగ్గరికి వచ్చి, ఇంకెవరికీ వినపడకుండా అంది. "సార్ ఏం వద్దనలే. నీకే భయం."

నేనేదో అనేలోపు విజిళ్లు వినిపించాయి. మావి కావు. పోలీసు వ్యాన్లు మూడు వచ్చాయి. జనం అటూ ఇటూ ఉరికారు. నా ముందే ఒకతను చెప్పులు వదిలేసి లారీ కింద దూరాడు. సార్ మమ్మల్నందరినీ రోడ్డు దిగువకు నెట్టి, తను మాత్రం విజిల్ మెడలో వేసుకుని రోడ్డు మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. నలుగురు ఎత్తి వ్యాన్లో వేశారు. ఆయన గట్టిగా అరిచింది ఒక్కటే మాట: "ఆడపిల్లల్ని అందర్ని ఇంటికి చేర్చుండ్రి!"

పట్టుకుపోయినవాళ్లను ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారని తెలిసింది. మధ్యాహ్నం విజయా నేనూ పులిహోర కట్టుకుని పోయాం. లోపలికి వదల్లేదు. సార్ కిటికీ దగ్గరికి వచ్చారు. మోచెయ్యి చీరుకుపోయింది. విజయ నీళ్ల సీసా తేవడానికి పోయింది. నేను ఆగలేకపోయాను.

"సార్, ఒక్కసారి అక్షయకు చెప్పుండ్రి. నన్ను పాయింట్లు ఎయ్యొద్దన్నది మీరే అని."

సార్ ఊచల అవతల నుంచి నన్ను చూశారు.

"నేనెప్పుడన్న, చాందీ?"

"ఫస్టియర్ల అన్నరు సార్. అందరి ముందట అన్నరు."

"అన్న. ఎందుకన్న?"

నేను పులిహోర మూట ముడి విప్పుతున్నాను.

"నువ్వే అడిగినవ్ గదా బిడ్డా. 'సార్, నన్ను ఎయ్యొద్దని అందరి ముందట చెప్పుండ్రి' అని ఏడ్సుకుంట నువ్వే అడిగినవ్. నేనన్న. అండ్లనే నాది తప్పయింది. ఆ మాట ఎన్క ఒక్క వారం దాక్కుంటవేమో అనుకున్న. రెండేండ్లు దాక్కున్నవ్."

విజయ నీళ్లు తెచ్చింది. సార్ తాగారు. పులిహోరలో ఉప్పు ఎక్కువైందన్నారు.

12 అక్టోబర్

నిజమే. నేనే అడిగాను.

రాయాలి. ఇది నాకు తప్ప ఇంకెవరికీ కాదు.

ఫస్టియర్లో హన్మకొండలో మ్యాచ్. నేను జట్టులోకి వచ్చి అప్పటికి రెండు నెలలు, అక్షయ ఇంకా రాలేదు. మా తండా నుంచి యాడిని పిలిచాను. కూతురు ఆడుతుంటే చూడాలని మా అమ్మ గార్ల స్టేషన్లో రైలెక్కి వచ్చింది, ఒక్కతే. గ్యాలరీలో మెట్టు మీద కూర్చుంది. ఆ గ్యాలరీ మొత్తంలో మా లంబాడీ బట్టల్లో ఉన్నది తనొక్కతే.

నేను మొదటిది వేశాను, తప్పింది. రెండోదీ తప్పింది. మూడోది తప్పాక గ్యాలరీలో కుర్రాళ్ల గుంపు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. "మూడు!" తర్వాత "నాలుగు!" ఐదోసారికి గ్యాలరీ సగం కలిసింది. ఏడు దాకా లెక్కపెట్టారు. ఒక్కటీ పడలేదు.

అది కాదు నేను రాయాలనుకున్నది.

యాడికి తెలుగు తక్కువ, బాస్కెట్‌బాల్ అసలే తెలియదు. వాళ్లు "నాలుగు" అని అరిస్తే నాకు నాలుగు వచ్చాయనుకుంది. "ఐదు" అంటే ఐదు. అంకె అంకెకూ నవ్వుతూ చప్పట్లు కొట్టింది. ఏడుకు లేచి నిలబడి కొట్టింది. కుర్రాళ్లు ఆమెను చూసి ఇంకా నవ్వారు.

ఆ క్వార్టర్ అయిపోగానే సార్ దగ్గరికి పోయి ఏడ్చాను. యాడిని మళ్లీ ఏ మ్యాచ్‌కూ పిలవలేదు. దూరం, రైలు ఖర్చు, పత్తి పని, ఏదో ఒకటి చెప్పాను.

సెంటర్ పాయింట్లు వేయాలా వద్దా అని నేను రెండేళ్లలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. వద్దనే మాట దొరికింది, దాని వెనక నిలబడ్డాను.

14 అక్టోబర్

హాస్టల్ మూసేస్తున్నారు. రేపటి నుంచి రైళ్లు కూడా ఆపుతారట. కూరగాయల డీసీఎం వ్యాను ఒకటి మానుకోట దాకా పోతుందంటే దానిలో ఎక్కాను. సార్‌ను పట్టుకుపోయిన రాత్రే వదిలేశారట. పాత బంతి ఒకటి పంపించారు. చీటీ ఏమీ లేదు.

17 అక్టోబర్

తండాలో మూడు రోజులైంది. పత్తి తీత మొదలైంది. పొద్దంతా యాడితో చేనులో ఉంటున్నాను. ఆమె ముందు సాలులో, నేను పక్క సాలులో. నేను రెండు చేతులతో తీసినా ఆమె ఒక్క చేతిని దాటలేను.

నిన్న సాయంత్రం మా రేకుల కొట్టం దూలానికి పాత సైకిల్ రిమ్ము కట్టాను. అసలు రింగు కన్నా పెద్దది, అందుకే లోపల తాడు చుట్టి చిన్నది చేశాను. యాడి గడప మీద కూర్చుని చూస్తోంది. ఇరవై వేస్తే ఆరు పడ్డాయి. తప్పినవి ఆమె కాళ్ల దగ్గరికి దొర్లుతుంటే తీసి ఇస్తోంది.

"ఆ రోజు పడలేదు కదా ఇట్లా" అంది మా మాటలో.

బంతి నా చేతిలోనే ఆగిపోయింది. మేం మాట్లాడుకున్నది తెలుగులో రాస్తున్నాను.

"ఏ రోజు?"

"హన్మకొండల. ఏడు ఏసినవ్. ఏడు పోయినయ్."

"నీకు తెలుసా?"

"పిచ్చిదాన్ననుకున్నవా? బంతి లోపల పడుతుందో బయట పడుతుందో కనపడదా నాకు? వాళ్లు నిన్ను ఎక్కిరిస్తున్నరని మూడోసారికే తెలిసింది."

"మరి చప్పట్లెందుకు కొట్టినవ్ యాడీ?"

ఆమె బంతికంటిన మట్టిని కొంగుతో తుడిచింది.

"వాళ్లు అంతమంది ఉన్నరు. నీ పక్కకు నేనొక్కదాన్నే ఉంటి. నేను గూడ కొట్టకపోతే?"

బంతి నా చేతికిచ్చి పొయ్యి దగ్గరికి పోయింది. నేను కొట్టం వెనక్కి పోయాను. 

18 అక్టోబర్

నలభై. పదిహేను పడ్డాయి.

25 అక్టోబర్

సమ్మె నిన్నటితో ఆగింది. రాష్ట్రం రాలేదు. తండాలో ఎవరూ పెద్దగా మాట్లాడుకోవడం లేదు. రైళ్లు నడుస్తున్నాయి, రేపు పోతాను. టోర్నమెంటు నవంబర్ 8, మానుకోటలోనే.

2 నవంబర్

అక్షయతో మాట్లాడాను. హన్మకొండ సంగతి మొత్తం చెప్పాను. యాడి సంగతి కూడా.

ఆమె చంకలో ఉన్న బంతి తీసి నా చేతిలో పెట్టింది. తర్వాత, "భయం అన్నందుకు ఏమనుకోకే" అంది.

"భయమే గదా."

"అయినా గట్ల అనొద్దుండె."

ఆ తర్వాత ఇద్దరం చీకటి పడేదాకా వేశాం. నేను రింగుకు వీపు పెట్టి తిరిగి వేసేటప్పుడు మోచెయ్యి బయటికి పోతోందట. ఆమె పక్కన నిలబడి ప్రతిసారీ నా మోచెయ్యి మీద తడుతోంది. ప్రాక్టీసులో చూస్తూనే రెండేళ్లు ఈ మాట తనలోనే పెట్టుకుందట. వేయనిదానికి ఎట్లా వేయాలో ఏం చెప్తారు?

8 నవంబర్

ఫైనల్ భూపాలపల్లితోనే పడింది.

వార్మప్‌లో అనిత నా పక్కకొచ్చి నిలబడింది. చిక్కిపోయింది. వాళ్ల నాన్న బొగ్గు గనిలో చేస్తాడు, సమ్మెలో నెల దాటి దిగలేదు. "మీరన్న ప్రాక్టీసు చేసిండ్రా? మాకు నెల మొత్తం బొగ్గుబాయి గేటు కాడ సమ్మె టెంటే" అంది. నవ్వాం ఇద్దరం. విజిల్ ఊదాక నవ్వలేదు.

మొదటి ఐదు నిమిషాలు పాత కథే. అనిత నన్ను వదిలేసి అక్షయ మీదికి పోయింది. నేను రింగు కింద ఒక్కదాన్నే. విజయ బంతి నాకిచ్చింది. వేశాను.

తప్పింది. రెండోదీ, మూడోదీ. నాలుగోది రింగుకు కూడా తగల్లేదు. గ్యాలరీలో ఎవడో "నాలుగు!" అన్నాడు.  బెంచీ వైపు చూశాను. సార్ వద్దనలేదు, వేయమనలేదు, కళ్లు కూడా కలపలేదు. చేతులు కట్టుకుని కోర్టు నేలను చూస్తున్నారు. దాక్కోవడానికి చోటు లేదు.

ఐదోది రింగు మీద మూడుసార్లు ఎగిరి లోపల పడింది. మా బెంచీ అరిచింది. అనిత కదల్లేదు. ఒక్కటి పడితే ఎవరు నమ్ముతారు? ఆరోది తప్పింది. ఏడోది పడింది, బోర్డుకు కొట్టి, శుభ్రంగా.

మళ్లీ బంతి నాకొచ్చినప్పుడు అనిత అక్షయ దగ్గర నుంచి నా వైపు ఒక అడుగు వేసింది. ఒకే ఒక అడుగు. ఆ సందులోంచి బంతిని అక్షయకు ఇచ్చాను. ఆమె మీద ఒక్కతే ఉంది. వేసింది, పడింది. అక్కడి నుంచి ఆట మారింది. అనిత నా మీదికొస్తే అక్షయ ఖాళీ, అక్షయ మీదికి పోతే నేను ఖాళీ. ఎటు పోవాలో తెలియక ఆ పిల్ల మొహం ఎర్రబడింది. నాకు జాలేసింది, కానీ ఆగలేదు.

ఆఖరి నిమిషంలో ఒక్క పాయింటు ముందున్నాం. అనిత వేసింది తప్పింది. నేనూ తనూ ఒకేసారి ఎగిరాం. నా గోళ్లకే అందింది. అక్షయకు విసిరాను, ఫౌల్ చేశారు, దానికి దొరికిన రెండు ఫ్రీత్రోలూ వేసింది. 46–43.

పదకొండు వేస్తే నాలుగు పడ్డాయి. ఎనిమిది పాయింట్లు. అక్షయవి ఇరవై మూడు.

చేతులు కలిపేటప్పుడు అనిత అంది, "నాలుగు తప్పినంక ఆపుతవనుకున్న."

"నేను గూడ అనుకున్న" అన్నాను.

9 నవంబర్

రీబౌండ్లు తొమ్మిదే, భూపాలపల్లిలో కంటే ఐదు తక్కువ. సార్ తను లెక్క రాసుకున్న కాగితం తెచ్చి చూపించారు. "నువ్వు ఏసి ఎన్కకు ఒరుగుతున్నవ్. గా ఐదు అనిత పట్టింది. రెండు పనులు చేస్తనంటే రెండింటికి కాళ్లుండాలె" అన్నారు. మెచ్చుకుంటారనుకున్నాను. కాగితం మడిచి నా చేతికిచ్చి, "రేపు ఆరింటికి రా" అన్నారు.

19 నవంబర్

యూనివర్సిటీ జట్టు జాబితా వచ్చింది. అక్షయది రెండో పేరు, అనితది ఐదోది. నాది పదకొండోది.

తండాలో ఫోనున్న సోమ్లా కాకకు చేసి యాడిని పిలిపించాను. "ఎన్నోది?" అంది. పదకొండోది అన్నాను. "ఎంతమందిల?" అంది. చెప్పాను. "రైలు ఎప్పుడుంటదో చెప్పు, నేనొస్త" అంది. ఈసారి నేను వద్దనలేదు.

28 నవంబర్

యూనివర్సిటీ క్యాంపు మొదటి రోజు. కోచ్ ఒక మేడమ్, గొంతు కంచు. అనితనూ నన్నూ పక్కపక్కన నిలబెట్టింది.

"సెంటర్లు ఇద్దరున్నరు. మొదటి ఐదుగురిల ఒక్కరే ఉంటరు. అనిత ఏస్తదని ఎరుకే. నీ సంగతేంది, పాయింట్లు ఏస్తవా, బంతి తీస్తవా?"

అందరూ నా వైపు చూశారు. బంతి తీస్తాను అంటే చాలు. ఆ మాట రెండేళ్లుగా నోటి చివరే ఉంది.

"రెండు చేస్త మేడమ్. ఏస్తే తప్పుతయి గూడ."

"ఎన్ని?"

"పడ్డవాటి కన్న ఎక్కువనే."

ఎవరో కిసుక్కుమన్నారు. మేడమ్ నవ్వలేదు. బుట్టలోంచి బంతి తీసి నాకు విసిరింది.

మొదటిది తప్పింది. రెండో బంతి నేనే అడిగి తీసుకున్నాను.